రుచి చూపిస్తే... రూపాయి వస్తుంది!

షాపు అద్దెకు తీసుకున్నారు. అడ్వాన్సు కట్టారు. గ్రైండరు, కాటా, సీలింగ్ మిషను వచ్చేశాయి. పేరు బోర్డూ తగిలించారు. కొబ్బరికాయ కొట్టిన రోజు చుట్టాలు, స్నేహితులు వచ్చి తలా ఒక ప్యాకెట్ కొనుక్కెళ్లారు. మర్నాటి నుంచీ... ఈగలు తోలుకోవడమే!

'పబ్లిసిటీ లేకపోతే ఎవరికి తెలుస్తుంది?' అంటారు చూసినవాళ్లంతా. నిజమే. కానీ అప్పటికే చేతిలో డబ్బంతా అయిపోయింది. దాంతో ఇల్లాలి మెడలోని గొలుసు బ్యాంకులో తాకట్టుకు వెళ్తుంది. ఆ డబ్బుతో కూడలిలో ఫ్లెక్సీ కట్టిస్తారు, వేల కొద్దీ కరపత్రాలు పంచుతారు. నాలుగు రోజులకు ఫ్లెక్సీ గాలికి చిరుగుతుంది. కరపత్రాలు పకోడీల పొట్లాలవుతాయి. గొలుసు మాత్రం బ్యాంకులోనే ఉంటుంది.

చిన్న వ్యాపారాలు చాలావరకు దెబ్బతినేది ఇక్కడే. పెద్ద కంపెనీల్లా అరిచి చెప్పాలనుకోవడం వల్లే. నిజానికి ఆ పెద్ద కంపెనీల్లో కొన్ని మొదట్లో అరవలేదు. అరిచేందుకు వాటి దగ్గరా డబ్బుల్లేవు. మరేం చేశాయి?

కచేరీలో ఉచితం

కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో ఓ నొప్పుల మందు తయారుచేశారు. అదే అమృతాంజనం. కొత్త మందు, కొత్త పేరు. పది అణాలు పెట్టి కొనమంటే ఎవరు కొంటారు? అందుకే ఆయన ఆ మందును సంగీత కచేరీలకు పట్టుకెళ్లారు. వచ్చినవాళ్లకు ఉచితంగా పంచారు.

ఆ చోటు ఎంచుకోవడంలోనే ఉంది తెలివి. కచేరీకి వచ్చేవారు గంటల తరబడి కూర్చుంటారు. పక్కవారితో మాట్లాడతారు. నచ్చితే పది అణాలు పెట్టగల స్తోమత ఉన్నవారు. నుదుటికి రాసుకుంటే గుణం అక్కడికక్కడే తెలుస్తుంది. ఇంటికెళ్లి నలుగురికీ చెబుతారు. ఆ వ్యాపారమే పంతులుగారిని లక్షాధికారిని చేసింది. దాని అండతోనే 1908లో 'ఆంధ్రపత్రిక'ను ప్రారంభించారాయన.

ఊరందరికీ ఒక్కో చుక్క పంచడం కాదు, అవసరం ఉన్నవాళ్లు ఎక్కడ చేరతారో అక్కడికి వెళ్లడం... పైసలు తక్కువున్నవారు నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇది.

నచ్చకపోతే డబ్బు వాపస్

1969. అహ్మదాబాద్. గుజరాత్ ప్రభుత్వ గనుల శాఖలో కెమిస్టుగా పనిచేస్తున్న కర్సన్‌భాయ్ పటేల్ ఇంటి వెనకాల బట్టల సబ్బు పొడి కలపడం మొదలుపెట్టారు. కూతురు నిరుపమ పేరు మీద దానికి 'నిర్మా' అని పేరు పెట్టారు. ఆఫీసుకు వెళ్తూ వస్తూ సైకిల్ మీద ఇంటింటికీ తిరిగి రోజుకు పదిహేను, ఇరవై ప్యాకెట్లు అమ్మేవారు. అప్పట్లో పేరున్న పొడి కిలో 13 రూపాయలు. ఈయనది మూడే రూపాయలు.

అంత చవకంటే అనుమానం రాదూ? బట్టలు పాడైతేనో? ఆ భయం తీర్చడానికి ఆయన ఇచ్చిన హామీ ఒక్కటే... నచ్చకపోతే డబ్బు తిరిగి ఇచ్చేస్తా. ఆ మాటకు పైసా ఖర్చు లేదు. సరుకు మీద నమ్మకం మాత్రం ఉండాలి. టీవీలో తెల్ల గౌను పాప గిర్రున తిరిగింది చాలా ఏళ్ల తర్వాతే.

ఐదు ఖాళీ ప్యాకెట్లకు ఒకటి

తమిళనాడులోని కడలూరుకు చెందిన సి.కె.రంగనాథన్‌ది మరో కథ. షాంపూను చిన్న ప్యాకెట్లలో పోసి అమ్మాలన్న ఆలోచన ఆయన తండ్రి చిన్నికృష్ణన్‌ది. కూలీలు, రిక్షావాళ్లు కూడా కొనగలగాలన్నది ఆ పెద్దాయన పట్టుదల. తండ్రి పోయాక కుటుంబ వ్యాపారం నుంచి విడిగా వచ్చేసిన రంగనాథన్, 1983లో 15 వేల రూపాయలతో 'చిక్' షాంపూ ప్రారంభించారు. ప్యాకింగ్ మిషను మూడు వేలు. ఇల్లూ ఆఫీసూ ఒకటే, అద్దె 250 రూపాయలు.

పల్లెల్లో షాంపూ అంటే ఏమిటో తెలియని రోజులవి. ప్రకటన ఇచ్చినా అర్థం కాదు. అందుకే ఊళ్లకు వెళ్లి, ఓ కుర్రాడిని పిలిచి అందరి ముందూ తలంటేవారు. 'ముట్టుకుని చూడండి... వాసన చూడండి' అనేవారు. రజనీకాంత్ సినిమాలు వేసి, మధ్యలో తమ ప్రకటన చూపించి, ఆఖర్న ప్యాకెట్లు ఉచితంగా పంచేవారు. తమిళనాడుతోపాటు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనూ ఈ ప్రదర్శనలు జరిగాయి. షో పడిన ప్రతిసారీ అమ్మకాలు మూడు నాలుగు రెట్లయ్యేవట.

అసలు మలుపు మరొకటి. ఏ కంపెనీవైనా సరే, ఐదు ఖాళీ షాంపూ ప్యాకెట్లు తెస్తే ఒక చిక్ ఉచితం అన్నారు. అంటే, అప్పటికే షాంపూ వాడుతున్నవారిని వాళ్లంతట వాళ్లే దుకాణానికి వచ్చేలా చేశారన్నమాట! జనానికి అలవాటయ్యాక 'చిక్ ఖాళీ ప్యాకెట్లకు మాత్రమే' అని మార్చారు. నెలకు 35 వేల రూపాయలున్న అమ్మకాలు 12 లక్షలకు చేరాయి. ఆ సంస్థే ఇప్పటి కెవిన్‌కేర్.

మూడోసారి కొంటేనే లాభం

మూడు కథల్లోనూ ఉన్నది ఒకటే కిటుకు. కొత్త సరుకు కొనాలంటే ఎవరికైనా 'డబ్బు వృథా అవుతుందేమో' అన్న భయం ఉంటుంది. వీళ్లు ఖర్చు పెట్టింది పేరు చాటుకోవడానికి కాదు... ఆ భయం తీయడానికి. పుచ్చకాయల బండివాడు ఓ ముక్క కోసి చేతిలో పెట్టేదీ అందుకే.

మరి ఉచితంగా ఇస్తే గిట్టుబాటవుతుందా? ఓ లెక్క వేసి చూద్దాం. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే ఓ ఇల్లాలు రుచి చూపించే పొట్లాలు 200 పంచిందనుకుందాం. ప్యాకింగ్‌తో కలిపి ఒక్కోటి 15 రూపాయలు పడితే ఖర్చు 3,000. పదిమందిలో ఒకరు కొన్నా 20 మంది కొత్తవాళ్లు. అంటే ఒక్కో ఇంటి మీదా 150 రూపాయలు పెట్టినట్టు. అరకిలో మీద లాభం 60 రూపాయలైతే మొదటిసారి కొన్నా నష్టమే, రెండోసారీ నష్టమే. మూడోసారి కొన్నాకే నాలుగు డబ్బులు కనిపిస్తాయి.

కాబట్టి మొదటి పొట్లం ఎంత బాగుందో మూడో సీసా కూడా అంత బాగుండాలి. ఈ సంగతి ముంబయి గిర్గావ్‌లో 1959 మార్చి 15న అప్పు తెచ్చిన 80 రూపాయలతో అప్పడాలు వత్తడం మొదలుపెట్టిన ఏడుగురు మహిళలకు బాగా తెలుసు. తొలిరోజు అమ్మినవి నాలుగు ప్యాకెట్లు. విరిగిన అప్పడాలను అమ్మలేదు... ఇరుగుపొరుగుకు పంచేశారు. వానల వల్ల అప్పడాలు ఎండక తొలి ఏడాది నాలుగు నెలలు పని ఆగిపోయింది. మరుసటి ఏడాది మంచం మీద అప్పడాలు పరిచి, కింద స్టవ్ పెట్టి ఆరబెట్టారు. సరుకు ఆగకూడదు, నాణ్యత తగ్గకూడదు... అంతే. మొదటి ఏడాది అమ్మకం 6,196 రూపాయలు. నోటి మాట మీదే పేరు పాకింది. ఆ పేరే లిజ్జత్.

మన వీధిలో ఇలా...

టైలరింగ్: కొత్త టైలరుకు ఖరీదైన జాకెట్టు గుడ్డ ఇవ్వాలంటే ఎవరికైనా భయమే. ముందు చీరకు ఫాల్, పీకో తక్కువ ధరకు కుట్టిపెట్టండి. పని నచ్చితే జాకెట్టు వెనకే వస్తుంది.

పచ్చళ్లు, పొడులు: భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే అపార్టుమెంట్లు, పిల్లల్ని హాస్టళ్లకు, అమెరికాకు పంపే ఇళ్లు... ముందు రుచి చూపించాల్సింది అక్కడ. అప్పటికే ఇంట్లో పది జాడీలున్నవారికి కాదు.

కర్రీ పాయింట్: అడిగినవారికి చెంచాడు రుచి చూపించండి. మిగిలిపోయిన కూర మర్నాడు అమ్మకండి.

ట్యూషన్లు: వారం రోజులు ఫీజు లేకుండా కూర్చోనివ్వండి. పిల్లాడు ఇంటికెళ్లి చెప్పిందే ప్రకటన.

డిస్కౌంటు కన్నా కొసరు మేలు. ఒకసారి ధర తగ్గిస్తే మళ్లీ పెంచడం కష్టం. కూరగాయలవాళ్లు తూకం అయ్యాక కాస్త కరివేపాకు వేసి పంపడం మనకు తెలిసిందే. కిలో పచ్చడి కొన్నవారికి చిన్న కారప్పొడి పొట్లం అలాంటిదే. కొసరూ అందుతుంది, కొత్త రుచీ పరిచయమవుతుంది.

ఇప్పుడు సెల్‌ఫోన్ ఉంది. 2018లో వచ్చిన వాట్సప్ బిజినెస్ యాప్‌లో సరుకులు, ధరలు ఫొటోలతో పెట్టుకోవచ్చు. గూగుల్ మ్యాప్‌లో షాపు పేరు నమోదు చేసుకోవచ్చు. రెండూ ఉచితమే. అలాగని అడగనివారికి రోజుకు నాలుగు మెసేజ్‌లు పంపితే కరపత్రానికి పట్టిన గతే. కొన్నవారి పేరు, ఏం కొన్నారు, ఎప్పుడు అన్నది ఓ నోటు పుస్తకంలో రాసుకోండి. సీసా అయిపోయే రోజులకు ఒక్కసారి పలకరించండి చాలు.

ఎవరైనా బాగాలేదని తెస్తే వాదించకండి. మారు మాట్లాడకుండా వేరేది ఇవ్వండి. పోయేది ఒక సీసా, నిలిచేది ఒక ఇల్లు. గుర్తుంచుకోండి... అరువు పబ్లిసిటీ కాదు. పేరు మోగిపోయి ఆర్డర్లు ఒక్కసారిగా మీద పడినప్పుడు చేయగలిగినన్నే ఒప్పుకోవడం కూడా వ్యాపారమే.

ఆఖరి మాట. గొలుసు తాకట్టు పెట్టాలనిపించే ముందు ఓ 20 పొట్లాలు కట్టి, ముఖపరిచయం లేని 20 ఇళ్లకు ఇచ్చి చూడండి. వారం తర్వాత వెళ్లి అడగండి. ఇద్దరు 'మళ్లీ ఎప్పుడు తెస్తారు?' అంటే సరుకు నిలబడుతుంది. ఎవరూ అడగకపోతే మార్చాల్సింది ప్రచారాన్ని కాదు... పచ్చడిని! ఆ సంగతి గొలుసు మెడలో ఉండగానే తెలియడం మంచిది కదూ.