భాగం 7: పడవ డీజిల్ ట్యాంకులో సూక్ష్మజీవులు – నివారణ

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• డీజిల్ ట్యాంకులో సూక్ష్మజీవులు ఎక్కడ, ఎందుకు పెరుగుతాయో వివరించగలరు;
• ట్యాంకు చెడుతోందని తెలిపే గుర్తులను పోల్చుకోగలరు;
• నివారణ చర్యలను వరుసగా చెప్పగలరు.

7.1 పరిచయం

పంచదేవ్‌పహాడ్ వద్ద కృష్ణానది దాటి కురువపురం ద్వీపానికి వెళ్ళే యాత్రికులను మక్తల్ ప్రాంత విద్యార్థులు చూసే ఉంటారు. పుట్టికి తెడ్డు చాలు. ఇంజను పడవకు మాత్రం డీజిల్ ఆగకుండా అందాలి. వేసవిలో కట్టివేసిన పడవను వరద రాగానే బయటికి తీశారనుకోండి. ఒడ్డున ఇంజను బాగానే అందుకుంటుంది. నది మధ్యకు చేరేసరికి ఆగిపోతుంది. ఫిల్టరు విప్పితే నల్లని జిగట! ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి కుదుపుకు పైకి లేచి ఫిల్టరును పూడ్చివేసిందన్న మాట. ప్రవాహంలో ఇంజను ఆగిన పడవ అదుపు తప్పుతుంది. కాబట్టి ట్యాంకు శుభ్రత ప్రయాణికుల ప్రాణాలకు సంబంధించిన విషయం.

7.2 కారణాలు

డీజిల్ హైడ్రోకార్బన్ల మిశ్రమం. కొన్ని బాక్టీరియాకు, శిలీంద్రాలకు అది ఆహారం. వీటిలో హార్మోకోనిస్ రెసినే అనే శిలీంద్రం ప్రసిద్ధమైనది. దీనిని 'కిరోసిన్ ఫంగస్' అని కూడా అంటారు. ఆహారం డీజిల్‌లో దొరికినా, వీటి నివాసం నీటిలోనే. నీరు డీజిల్ కంటే బరువు కనుక ట్యాంకు అడుగుకు చేరుతుంది. ఈ రెండూ కలిసే సరిహద్దు వద్ద జీవపొర ఏర్పడుతుంది. దాని కింద ఆక్సిజన్ అందని చోట, సల్ఫేటును క్షయకరించే బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌ను విడుదల చేసి లోహాన్ని తినివేస్తాయి.

నీరు ఎక్కడి నుంచి వస్తుంది?

(అ) ఇంధనం నుంచే. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బి.ఎస్.-6 డీజిల్‌లో కిలోకు 200 మిల్లీగ్రాముల వరకు నీరు ఉండవచ్చు. 1000 లీటర్ల డీజిల్ బరువు సుమారు 830 కిలోలు. అంటే అందులో 166 గ్రాముల వరకు నీరు ఉండవచ్చు. ఇంధనం చల్లబడితే కరిగి ఉన్న నీటిలో కొంత విడిపోతుంది.

(ఆ) గాలి నుంచి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులోని గాలి పగటి వేడికి వ్యాకోచించి బయటికి పోతుంది. రాత్రి తేమగాలి లోపలికి వస్తుంది. ఆ తేమ చల్లని గోడల మీద బిందువులుగా మారుతుంది.

(ఇ) వదులైన మూత, చెడిపోయిన వాషరు గుండా వాననీరు చేరుతుంది.

బయోడీజిల్ కలిసిన ఇంధనం నీటిని మరింత పట్టి ఉంచుతుంది కనుక ఎక్కువ జాగ్రత్త అవసరం.

7.3 గుర్తులు, పరీక్ష

ఫిల్టరు తరచుగా పూడుకుపోవడం, ఇంజను బలం తగ్గడం, కుళ్ళిన గుడ్డు వాసన – ఇవి ముఖ్యమైన గుర్తులు. నిర్ధారణకు, కదలకుండా ఉన్న ట్యాంకు అడుగు నుంచి కొంత ద్రవాన్ని గాజు సీసాలోకి తీసి అరగంట ఉంచండి. నీరు కింద వేరుపడితే ప్రమాదం మొదలైంది. సరిహద్దులో నల్లని లేదా గోధుమరంగు పొర కనిపిస్తే పెరుగుదల జరిగినట్లే అనుమానించాలి. దగ్గరలో నిప్పు ఉండకూడదు.

7.4 నివారణ

1. అడుగు నీటిని క్రమం తప్పకుండా తీసివేయాలి. నెలల తరబడి నిలిపిన పడవకు, ప్రయాణికులను ఎక్కించక ముందే ఈ పని చేయాలి.
2. పడవను కట్టివేసేటప్పుడు, వ్యాకోచానికి కొద్ది చోటు వదిలి ట్యాంకును నింపాలి.
3. మూతలు, వాషర్లు సరిచూడాలి.
4. నీటిని వేరుచేసే ఫిల్టరు అమర్చి, దాని గిన్నెను తరచుగా ఖాళీ చేయాలి.
5. బయోసైడ్ అనే సూక్ష్మజీవనాశక రసాయనాన్ని చివరగా, తయారీదారు చెప్పిన మోతాదులో, చేతి తొడుగులు వేసుకుని వాడాలి. మడ్డి తీయకుండా మందు పోస్తే చచ్చిన జీవపొర ముక్కలై ఫిల్టరుకే అడ్డుపడుతుంది. నీరు మిగిలితే పెరుగుదల మళ్ళీ మొదలవుతుంది.

తీసిన మడ్డిని నదిలో పారబోయకండి. మనం తాగే నీరు అదే. మూత గల డబ్బాలో ఉంచి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న సేకరణదారుకు అప్పగించండి.

7.5 సారాంశం

సూక్ష్మజీవులను ట్యాంకులోకి రాకుండా పూర్తిగా ఆపలేం. అవి గాలిలోనూ ఉంటాయి. నీటిని మాత్రం తీసివేయగలం. నీరు లేని డీజిల్‌లో అవి పెరగలేవు. వ్యవసాయ పంపుసెట్టుకు, జనరేటరుకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో నీరు ఎలా చేరుతుంది?
2. మడ్డి తీయకుండా బయోసైడ్ వాడితే ఏమవుతుంది?
3. మీ ఊరిలోని ఒక డీజిల్ ఇంజను యజమానిని కలిసి, ట్యాంకు అడుగు నీటిని చివరిసారి ఎప్పుడు తీశారో తెలుసుకుని పది వాక్యాలలో రాయండి.