ట్యాబ్ లాక్ మరిచారా? ముందు జీమెయిల్ చూసుకోండి!

గ్రూప్స్ నోట్సు, మాక్ టెస్టులు, సర్టిఫికెట్ల పీడీఎఫ్‌లు... అన్నీ ట్యాబ్‌లోనే. పాస్‌వర్డేమో గుర్తుకు రావట్లేదు! సిద్దిపేట జిల్లా రాయపోల్‌లో ఉండి ఉద్యోగానికి ప్రిపేరయ్యేవారికి వెంటనే తట్టేది గజ్వేల్‌లోని రిపేర్ షాపే. కాస్త ఆగండి. బస్సెక్కే ముందు ఇంట్లోనే చేయాల్సిన పని ఒకటుంది.

ఆండ్రాయిడ్ ట్యాబ్ లాక్ మరిచిపోతే చాలావరకు ఫ్యాక్టరీ రీసెట్టే దిక్కు. దాంతో లోపలున్నవన్నీ చెరిగిపోతాయి. పైగా 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.1 నుంచి రెండో తాళం కూడా ఉంది. రీసెట్ అయ్యాక, అంతకుముందు వాడిన జీమెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ అడుగుతుంది. చెప్పలేకపోతే ట్యాబ్ ఉత్త పలకే!

అందుకే వరుస తప్పొద్దు.

* ముందు వేరే ఫోన్‌లో ఆ జీమెయిల్ తెరుచుకుంటుందో లేదో చూడండి. లేదంటే గూగుల్ అకౌంట్ రికవరీతో కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోండి. ఆ తర్వాత 24 గంటలు ఆగాకే రీసెట్ చేయాలి.
* డ్రైవ్, ఫొటోస్‌లో ఏమేం భద్రంగా ఉన్నాయో చూసుకోండి.
* ఐప్యాడ్ అయితే యాపిల్ అకౌంట్ పాస్‌వర్డ్ కావాలి.
* షాపుకెళ్తే ట్యాబ్ బిల్లు తీసుకెళ్లండి. ఓటీపీ అడిగితే మాత్రం చెప్పొద్దు.

ట్యాబ్ తెరుచుకోగానే రికవరీ ఫోన్ నంబర్ సరిచూసుకోండి. టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుంటే గూగుల్ 10 బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. కాగితంపై రాసి దాచుకోండి. సర్టిఫికెట్లు డిజీలాకర్‌లో ఉంచండి. ట్యాబ్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. ఇంటర్వ్యూ కబురు వచ్చేది మాత్రం అప్లికేషన్‌లో రాసిన ఆ మెయిల్‌కే!