ఇంజన్ ఆయిల్ కారుతోందా? ముందు చిన్న రబ్బరు రింగును చూడండి

మన హాస్టల్లో చదివే తమ్ముళ్ళలో చాలామంది ఇళ్ళలో ఏదో ఒక బండి ఉంది. ఒకరి నాన్న ఆటో నడుపుతారు. ఇంకొకరి అన్నయ్య ట్రాక్టరు డ్రైవరు. మరొకరి మామయ్య ఫైనాన్సులో చిన్న సరుకుల బండి తీసుకుని కిరాయిలకు తిప్పుతుంటారు. ఆ బండి తిరిగితేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, నెలనెలా కిస్తీ కడతారు. అలాంటి బండి కింద ఒకరోజు పొద్దున్నే నల్లటి ఆయిల్ మరక కనిపిస్తే ఇంటిల్లిపాదికీ గుండె జారిపోతుంది. డాక్టరు "ఆపరేషన్ చేయాలి" అంటే ఎంత భయమో, మెకానిక్ "ఇంజన్ దించాలి" అన్నా మనలాంటి ఇళ్ళలో అంతే భయం.

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు మాకు ఈ విషయమే తోచింది. మేము చదువుతున్నది ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ. మా ఇంట్లో డిగ్రీ గడప దాటిన మొదటివాళ్ళం మేమే. అందుచేత ఇంట్లో ఏది పాడైనా "అంత చదువు చదువుతున్నావు గదా, ఇదెందుకు ఇలా అయిందో చెప్పు" అంటారు. రబ్బరు గురించి మాకు తెలిసినది ఇలాంటి చోట పనికి రావడం మాకూ సంతోషమే.

ముందుగా ఒక చిన్న లెక్క చూడండి. సుమారు 20 బొట్లు కలిస్తే ఒక మిల్లీలీటరు. మూడు సెకన్లకు ఒక బొట్టు పడుతోందంటే నిమిషానికి 20 బొట్లు, గంటకు 60 మిల్లీలీటర్లు. రోజుకు ఎనిమిది గంటలు తిరిగే బండిలో దాదాపు అర లీటరు. మూడు లీటర్ల ఆయిల్ పట్టే ఇంజనైతే, మధ్యలో పోయకుండా తిప్పితే, ఆరు రోజుల్లో అడుగంటుతుంది. అసలు అంతదాకా ఆగదు. మట్టం బాగా తగ్గగానే పంపు ఆయిల్‌కు బదులు గాలి పీలుస్తుంది, బేరింగులు అరిగి ఇంజన్ పట్టేస్తుంది. కనుక "బొట్టే గదా" అనుకోవడానికి లేదు. అలాగని ప్రతి బొట్టుకూ ఇంజన్ దించనక్కరలేదు. ఈ రెండింటి మధ్య తేడా తెలియాలంటే సెన్సార్ల సంగతి కొంచెం తెలియాలి.

వెనకటి ఇంజన్లలో సెన్సార్లు దాదాపు లేవు. ఉంటే ఒక్క ఆయిల్ ప్రెషర్ స్విచ్ ఉండేది. ఆయిల్ ఒత్తిడి తగ్గితే డ్రైవరు ముందు ఎర్ర లైటు వెలిగించడం దాని పని. కామన్ రైల్ డీజిల్ ఇంజన్లు వచ్చాక క్రాంక్ ఏ స్థితిలో ఉందో, క్యామ్ ఏ స్థితిలో ఉందో కంప్యూటరుకు చెప్పే సెన్సార్లు తప్పనిసరయ్యాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.6 నిబంధనలు అమలయ్యాక మోటారు సైకిళ్ళు కూడా దాదాపుగా కార్బురేటరు వదిలి ఇంజెక్షన్‌కు మారాయి. ఇప్పుడు ఊళ్ళో తిరిగే మామూలు బైకుకు కూడా సెన్సార్లున్నాయి. క్రాంక్, క్యామ్‌ల దగ్గరుండే సెన్సార్లలో చాలావాటి మూతి ఇంజన్ లోపలికి, ఆయిల్ చిమ్మే చోటికి ఉంటుంది. అంటే ఇంజన్ గోడకు ఒక బెజ్జం పెట్టి సెన్సారును అందులో దించుతారన్నమాట. ఆ బెజ్జంలోంచి ఆయిల్ బయటికి రాకుండా కాపలా కాసేది సెన్సారు మెడకు తొడిగిన సన్నటి రబ్బరు రింగు. సున్నాలాగా ఉంటుంది గనుక ఓ-రింగ్ అంటారు. షెడ్లలో మాత్రం అందరూ ఓరింగు అనే అంటారు.

దాని పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. రింగును గాడిలో పెట్టి సెన్సారును లోపలికి దించినప్పుడు ఆ రబ్బరు కొద్దిగా నలుగుతుంది. నలిగిన రబ్బరు మళ్ళీ గుండ్రంగా కావాలని చూస్తూ రెండువైపులా గోడలను నొక్కి పట్టుకుంటుంది. లోపలినుంచి ఆయిల్ ఒత్తిడి వస్తే రింగు గాడి అంచుకు జరిగి ఇంకా గట్టిగా హత్తుకుంటుంది. శత్రువు నెట్టేకొద్దీ బిగుసుకునే తలుపు లాంటిది. నీల్స్ క్రిస్టెన్సెన్ అనే ఆయన డెన్మార్క్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డారు. ఆయనకు ఈ రింగుపై 1939లో పేటెంటు వచ్చింది. ఇన్నేళ్ళయినా దీన్ని మించిన చవకైన సాధనం రాలేదు.

మరి అంత మంచి రింగు ఎందుకు పాడవుతుంది? మా సబ్జెక్టు ఇక్కడ మొదలవుతుంది కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

రబ్బరు అంటే పొడవాటి దారాల ఉండ అనుకోండి. 1839లో ఛార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరులో గంధకం కలిపి వేడి చేస్తే ఆ దారాల మధ్య వంతెనలు ఏర్పడ్డాయి. అందువల్లనే సాగదీసి వదిలితే రబ్బరు మళ్ళీ తన ఆకారానికి వస్తుంది. అయితే ఇంజన్ దగ్గర ఆయిల్ వేడి 100 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. ఆ వేడికి, గాలిలోని ఆక్సిజన్‌కు రబ్బరులో కొత్త వంతెనలు పుడుతూనే ఉంటాయి. మెత్తదనం కోసం కలిపిన పదార్థాలను వేడి ఆయిల్ మెల్లమెల్లగా లాగేస్తుంది. ఏ వంతెనలు రబ్బరుకు ప్రాణం పోశాయో, అవే ఎక్కువై దాన్ని చెక్కలా బిగిస్తాయి. నలిగి ఉన్న ఆకారమే శాశ్వతమైపోతుంది. పాత రింగును కోసి చూస్తే కొత్తదానిలా గుండ్రంగా ఉండదు, పలకగా ఉంటుంది. గోరుతో నొక్కితే గాటు పడదు. వంచితే చిటుక్కున విరుగుతుంది. గోడను నొక్కే శక్తి పోయిన రింగు గాడిలో ఉన్నా లేనట్టే.

వేడి ఒక్కటే కాదు, చలి కూడా రబ్బరును బిగిస్తుంది. 1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ బయలుదేరిన 73 సెకన్లకు ధ్వంసమై ఏడుగురు మరణించారు. ఆ చలి ఉదయం రాకెట్ అతుకులో ఉన్న ఓ-రింగ్ బిగుసుకుపోయి తన పని చేయలేకపోయింది. విచారణలో రిచర్డ్ ఫైన్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త అదే రబ్బరు ముక్కను బిగించి ఐసు నీళ్ళ గ్లాసులో ముంచి తీసి, అది వెంటనే తన ఆకారానికి రావడం లేదని అందరి ఎదుటా చూపించారు. (కల్పనా చావ్లా గారు మరణించినది 2003లో జరిగిన కొలంబియా ప్రమాదంలో. దాని కారణం వేరు. చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తుంటారు.)

ఏ రబ్బరు పడితే ఆ రబ్బరు కూడా పనికిరాదు. కొందరు రింగు దొరక్కపోతే పాత సైకిల్ ట్యూబు కత్తిరించి చుట్టేస్తారు. దీన్ని పరీక్షించాలని మేము రెండు గాజు సీసాల్లో డీజిల్ పోసి, ఒకదానిలో సైకిల్ ట్యూబు ముక్క, రెండోదానిలో షాపులో కొన్న నైట్రైల్ రింగు వేశాం. ఐదు రోజులకు 5 సెంటీమీటర్ల ట్యూబు ముక్క ఉబ్బి 6 సెంటీమీటర్లు దాటింది, పట్టుకుంటే జావగా ఉంది. రింగులో కంటికి కనిపించే మార్పు లేదు. సైకిల్ ట్యూబు రబ్బరూ, డీజిలూ, ఇంజన్ ఆయిలూ ఒకే జాతివి. ఒకదానిలోకి ఒకటి సులువుగా చొరబడతాయి. ఇంజన్ ఆయిల్‌లో ఈ పని ఇంకా నిదానంగా జరుగుతుంది, కానీ జరుగుతుంది. నైట్రైల్ రబ్బరు అలా కాదు. పాలిమర్ల పాఠం చదివినవాళ్ళకు బ్యూనా-ఎన్ గుర్తుండాలి, అదే ఇది. అందులోని ఆక్రిలోనైట్రైల్ భాగం నూనెను దగ్గరికి రానివ్వదు. ఇంకా ఎక్కువ వేడి తగిలే చోట విటాన్ రకం రబ్బరు వాడతారు. అది సుమారు 200 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది, ధర కూడా ఎక్కువే. రంగును బట్టి రకం తెలుసుకోవచ్చని కొందరంటారు గానీ, రంగును నమ్మకండి.

ఇక అసలు చిక్కు, ఎక్కడ కారుతోందో కనిపెట్టడం. ఆయిల్ పుట్టిన చోట బొట్టు పడదు. కిందికి జారుతుంది, గాలికి వెనక్కి పోతుంది, ఏదో ఒక అంచు దొరికినప్పుడు బొట్టుగా రాలుతుంది.

మా మామయ్య సరుకుల బండి విషయంలో ఇదే జరిగింది. ఇంజనూ గేరుబాక్సూ కలిసే చోట బొట్లు పడుతున్నాయి. పట్నంలో ఒక షెడ్డులో చూసి, క్రాంక్ వెనక సీలు పోయింది, గేరుబాక్సు దించాలి, అన్నీ కలిపి 14 వేలు, మూడు రోజులు అన్నారు. వాళ్ళు మోసం చేశారని మేము అనడం లేదు. బొట్టు పడే చోటును మాత్రమే చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ మామయ్యకు ఆ నెల కిస్తీ ఇంకా కట్టలేదు, మూడు రోజుల కిరాయి పోతే కట్టనూ లేరు. దాంతో మా మండల కేంద్రంలో రోడ్డు పక్క పనిచేసే పెద్ద మేస్త్రి గారి దగ్గరికి తీసుకెళ్ళాం.

ఆయన స్పానర్ ముట్టుకోలేదు. ముందు ఇంజన్ వెనకభాగం అంతా కిరోసిన్ గుడ్డతో తుడిచి ఆరబెట్టించారు. తర్వాత ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా తెమ్మన్నారు. మామయ్య నవ్వారు, మేమూ నవ్వాం. తుడిచిన చోటంతా పౌడరు చల్లి ఇంజన్‌ను పావుగంట నడిపారు. పైన హెడ్డు వెనక, క్యామ్ సెన్సారు చుట్టూ తెల్ల పౌడరు నల్లగా తడిసింది. అక్కడినుంచి సన్నటి గీత కిందికి, గేరుబాక్సు దాకా దిగింది. వెనక సీలు దగ్గర పౌడరు పొడిగానే ఉంది. రింగు 60 రూపాయలు, ఆయన కూలి 200. మధ్యాహ్నానికి బండి కిరాయికి పోయింది. తీసిన రింగును ఆయన మా చేతిలో పెట్టి "ఇది రాయిలా ఎందుకవుతుంది బాబూ?" అన్నారు. పైన రాసిన వంతెనల సంగతి మొదటిసారి చెప్పింది ఆయనకే.

ఆయన చేసిన పద్ధతినే ఇక్కడ రాస్తున్నాం. ఇంజన్ పూర్తిగా చల్లారాలి, బ్యాటరీ మైనస్ తీగ తీయాలి. సెన్సారు చుట్టూ ఉన్న మట్టిని ముందే శుభ్రం చేయాలి. సెన్సారు తీశాక తుడిస్తే ఇసుక ఇంజన్లో పడుతుంది. వైర్లు పట్టి లాగకుండా ప్లగ్గు లాకు నొక్కి విడదీయాలి. సెన్సారును చాలా వాటిలో ఒకే చిన్న బోల్టు పట్టి ఉంచుతుంది, 10 నంబరు స్పానర్‌తో వస్తుంది. బోల్టు తీశాక సెన్సారును అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ పైకి తీయాలి. స్క్రూడ్రైవరుతో ఎగదన్నితే ప్లాస్టిక్ విరుగుతుంది, అప్పుడు అరవై రూపాయల పని వేలల్లోకి పోతుంది. క్రాంక్ సెన్సారైతే దాని మూతికి ఇనుప పొడి అంటుకుని ఉండవచ్చు, తుడవాలి. పాత రింగును సూదితో కాకుండా పుల్లతో తీయడం మంచిది, గాడిలో గీత పడితే కొత్త రింగూ కారుతుంది.

కొత్త రింగును పాతదానితో కొలిచి కొనడం సరికాదు, పాతది నలిగి ఆకారం మారి ఉంటుంది. బండి మోడల్ చెప్పి, పార్టు నంబరుతో అడగాలి. కొత్త రింగుకు శుభ్రమైన ఇంజన్ ఆయిల్ కొద్దిగా రాసి మెలిక పడకుండా తొడగాలి. సెన్సారును చేత్తో నిటారుగా నొక్కి కూర్చోబెట్టాకే బోల్టు పెట్టాలి. బోల్టుతో లాగి కూర్చోబెట్టకూడదు. బిగువు కూడా మణికట్టు బలం చాలు, ఇలాంటి బోల్టుకు ఎక్కువగా 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు. అల్యూమినియంలో మర పోతే అదో కొత్త ఖర్చు. రింగు మీద ప్యాకింగు పేస్టు పూయడం చాలాచోట్ల చూశాం. అది మా దృష్టిలో తప్పుడు పని. లోపలికి ఊడిన ముక్కలు ఆయిల్ జాలీకి అడ్డం పడతాయి. పని అయ్యాక గేజీ చూసి తగ్గిన ఆయిల్ పోసి, పది నిమిషాలు నడిపి, మళ్ళీ వంద కిలోమీటర్ల తర్వాత ఒకసారి చూడాలి.

రింగు మారిస్తే ఆగని లీకులూ ఉన్నాయి. సెన్సారు ప్లగ్గు విప్పితే లోపల ఆయిల్ ఉందంటే, అది సెన్సారు ఒంట్లోంచే వస్తోందన్నమాట. అప్పుడు రింగు కాదు, సెన్సారే మార్చాలి. ఆయిల్ ప్రెషర్ స్విచ్‌లో ఇది తరచుగా జరుగుతుంది. లోపలి పొర చిరిగి ఆయిల్ వైరు వెంబడి కూడా పాకుతుంది.

ఇంకొకటి, ఇంజన్ ఊపిరి గొట్టం మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి కొత్త రింగులోంచి కూడా ఆయిల్ తోసుకువస్తుంది. ఆ గొట్టం బాగానే ఉండి, ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత జాగ్రత్తగా వదులు చేస్తే పొగ గుప్పుగుప్పుమని తన్నుకొస్తోందంటే పిస్టన్ రింగులు అరిగినట్టే. అప్పుడు మేస్త్రి "బోరుకు వచ్చింది" అంటే బేరమాడి లాభం లేదు.

డీజిల్‌లో నానబెట్టిన ట్యూబు ముక్కనూ, నైట్రైల్ రింగునూ, మామయ్య బండిలోంచి తీసిన పాత రింగునూ ఒక అట్టకు అతికించి వార్డెన్ గారికి ఇచ్చాం. స్టడీ హాలులో ఉంటుంది. పాతదాన్ని గోరుతో నొక్కి చూడవచ్చు గానీ వంచకండి, ఒక్కటే ఉంది.