ఏటా వరద వచ్చే చోట ఇల్లు ఎలా కడతారు?

బ్రహ్మపుత్రకు దాదాపు ఏటా వరదే. అస్సాంలోని మాజులి దీవిలో తరతరాలుగా నది ఒడ్డునే ఉంటున్న మిసింగ్ ప్రజలు నీటికి దారి వదిలి ఇళ్లు కట్టుకుంటారు.

ఈ ఇళ్లను చాంగ్ ఘర్ అంటారు. వెదురు, కర్ర గుంజల మీద నేలకు అయిదారడుగుల ఎత్తున ఉంటాయి. మట్టిగోడైతే వరదకు అడ్డం నిలిచి, నాని కూలిపోతుంది. ఇక్కడ గుంజల మధ్య నుంచి నీరు సాగిపోతుంది కాబట్టి ఇంటి మీద ఒత్తిడి తక్కువ. ఎంత ఎత్తు కట్టాలి? వెనకటి పెద్ద వరద ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుపెట్టుకుని, అంతకంటే పైకి. నీరు ఇంకా పెరిగితే? చీల్చిన వెదురు పరిచిన ఇంటిలోపలి నేల కట్లు విప్పి, పైకి జరిపి మళ్లీ కట్టేస్తారు! నాకు అన్నిటికన్నా నచ్చిన ఉపాయం ఇదే. వరద లేని రోజుల్లో ఇంటికింది నీడలో మగ్గం నేస్తారు, కోళ్లూ పందులూ అక్కడే.

మరి పంట? అస్సాంలో బావో అనే వరి ఉంది. వరదలకు ముందే విత్తుతారు. నీరు పెరిగేకొద్దీ కాడ సాగుతూ ఆకుల్ని నీటిపైనే ఉంచుతుంది. చలికాలంలో కోస్తారు.

ఒడ్డు కోతకు మాత్రం ఇవేవీ సరిపోవు. నది నేలనే తినేస్తుంటే గుంజ పాతడానికి చోటుండదు. మాజులి అలా ఎంతో భూమిని పోగొట్టుకుంది. ఎన్నో కుటుంబాలు ఇల్లు విప్పుకుని వేరే చోటికి తరలాల్సి వచ్చింది.