వేలెడంత ప్లగ్గు... వంద ఆంపియర్ల కరెంటు!

సంక్రాంతి సెలవులకి వెలుగోడు వెళ్లినప్పటి సంగతి. ఇంజినీరింగ్ చదువుతున్న మా అక్క కొడుకు రిమోట్ కారు చంకన పెట్టుకుని బయల్దేరాడు. అలాంటిలాంటి కారు కాదది. ఎవరి దగ్గరో కొన్న పాత బండికి తనే కొత్త మోటారు పెట్టి, లిథియం పాలిమర్ బ్యాటరీ బిగించాడు. రిజర్వాయరు వైపు వెళ్లే మట్టిదారిలో వదిలితే, దుమ్ము లేపుకుంటూ కుక్కపిల్లల్ని పరుగులు పెట్టించింది. నాలుగు నిమిషాలు... అంతే. ఉన్నట్టుండి నిలబడిపోయింది.

'రోజూ ఇంతే మామా. కొంచెంసేపు పోతాది, మళ్లా ఆగిపోతాది. చార్జింగేమో ఇంకా సగం ఉంటాది' అన్నాడు వాడు దిగాలుగా.

కారు తిరగేసి చూస్తే అసలు సంగతి బయటపడింది. బ్యాటరీనీ మోటారునూ కలిపే తెల్ల ప్లాస్టిక్ ప్లగ్గు ఒకపక్క గోధుమరంగుకు తిరిగి, మెత్తబడి వంకరపోయింది. ఊడదీద్దామంటే రాదు. రెండు సగాలూ కరిగి అతుక్కుపోయాయి. వేలు పెడితే చురుక్కుమంది. మోటారుకీ బ్యాటరీకీ వేలు పోసినవాడు, వంద రూపాయల లోపు దొరికే ఆ ప్లగ్గును మాత్రం పాతదే ఉంచేశాడు!

ప్లగ్గును తప్పుపట్టడానికీ లేదు. 'టమియా' రకం అంటారు దాన్ని. జపాన్‌కు చెందిన టమియా కంపెనీ 1976లో పోర్షె 934 నమూనాతో రిమోట్ కార్లు మొదలుపెట్టింది. ఆ కంపెనీ కార్లతోపాటే ఈ తెల్ల ప్లగ్గూ దేశదేశాలు తిరిగింది. అప్పటి 7.2 వోల్టుల బ్యాటరీలకూ మామూలు మోటార్లకూ చక్కగా సరిపోయింది. పది పదిహేను ఆంపియర్ల వరకూ దానికి పెద్ద బాధ లేదు. మావాడు పెట్టిన మోటారు ఒక్కసారి వేగమందుకుంటే యాభై ఆంపియర్లు లాగేస్తుంది. పిల్లకాలువలోకి డ్యామ్ గేటు ఎత్తినట్టు!

బోరు మోటారంత బలం

ఇదేదో పిల్లల ఆటల గొడవ అనుకునేరు. వరికీ మిరపకూ మందు కొట్టే డ్రోన్ కూడా రిమోటుతో నడిచే బండే. కాకపోతే గాల్లో నడుస్తుంది. మహిళా సంఘాలకు 15,000 డ్రోన్లు ఇవ్వాలన్న 'నమో డ్రోన్ దీదీ' పథకానికి కేంద్ర మంత్రివర్గం 2023 నవంబరులో ఆమోదం తెలిపింది. మన పక్కనున్న ఓర్వకల్లును రాష్ట్ర ప్రభుత్వం డ్రోన్ సిటీకి ఎంచుకుంది. అంటే, నిన్నటిదాకా సరదాగా కార్లు తిప్పుకునే కుర్రాళ్లకే పట్టిన ఈ ప్లగ్గు సంగతి ఇక పొదుపు సంఘం అక్కయ్యలకూ పట్టబోతోందన్నమాట.

ఓ చిన్న లెక్క చూడండి. పది లీటర్ల మందు మోసే డ్రోన్లలో వాడే బ్యాటరీ ఒకటి 44.4 వోల్టులు, 16 ఆంపియర్ అవర్లు. అది పది నిమిషాల్లో ఖాళీ అయిందనుకుందాం. గంటలో ఆరో వంతు సమయంలో 16 ఆంపియర్ అవర్లు అయిపోయాయంటే సగటున 96 ఆంపియర్లు పారినట్టు. వోల్టులతో గుణిస్తే నాలుగు వేల రెండొందల వాట్ల పైమాటే. పొలంలో 5 హెచ్‌పీ బోరు మోటారు లాగే కరెంటు కూడా ఇంచుమించు అంతే బలం!

మరి తేడా ఎక్కడుంది? బోరు మోటారుకు మూడు ఫేజుల్లో 415 వోల్టులు అందుతాయి. కాబట్టి ఏడెనిమిది ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. డ్రోన్‌కు ఉన్నవి 44 వోల్టులే. అదే పని చెయ్యాలంటే ఆంపియర్లు పదింతలకు పైగా కావాలి. రిమోట్ కారులో వోల్టులు ఇంకా తక్కువ. పట్టుకుంటే షాకు కొట్టని బ్యాటరీయే ప్లగ్గును కరిగించేయడం వెనకున్న కిటుకు ఇదే.

సాల్డరింగ్ ఐరన్ అయిపోతుంది

స్టార్టరు పెట్టెలో బోల్టు వదులైతే ఏమవుతుందో రైతులకు వేరే చెప్పక్కర్లేదు. ముందు వైరు తొడుగు నల్లబడుతుంది, తర్వాత వాసనొస్తుంది, ఆపైన మోటారు కాలుతుంది. 'లూజు కాంటాక్టు' అన్న రెండు ముక్కల్లో మనవాళ్లు చెప్పేదే ప్లగ్గుల శాస్త్రమంతా.

లోహం లోహాన్ని తాకేచోట ఎంతోకొంత నిరోధం తప్పదు. మంచి ప్లగ్గులో అది ఓమ్‌లో వెయ్యో వంతో, అంతకన్నా తక్కువో ఉంటుంది. పుట్టే వేడి మాత్రం కరెంటు పెరిగినట్టు పెరగదు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు! వెయ్యో వంతు ఓమ్ దగ్గర 10 ఆంపియర్లు పారితే పుట్టేది వాట్‌లో పదో వంతు. ఎవరికీ తెలియదు. అదే చోట 100 ఆంపియర్లు పారితే ఏకంగా 10 వాట్లు. కొన్నాళ్లకు పిన్ను వదులై నిరోధం రెండున్నర రెట్లయిందా... 25 వాట్లు. రేడియో రిపేరు షాపులో వాడే చిన్న సాల్డరింగ్ ఐరన్ ఎన్ని వాట్లో తెలుసా? ఇరవై అయిదే!

సీసం, తగరం కలిపిన మామూలు సాల్డరింగ్ లెడ్డు 190 డిగ్రీల లోపే కరుగుతుంది. మావాడి కారులో నాలుగు నిమిషాలకు జరుగుతున్నది ఇదే. వేడికి పిన్ను పట్టు సడలుతుంది, సడలిన పిన్ను ఇంకా వేడెక్కుతుంది. అదే డ్రోన్‌లో అయితే? కారు ఆగితే ఎత్తుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. పంట మీద ఎగిరేది గాల్లో ఆగదు కదా, పడుతుంది... మందు ట్యాంకుతో సహా. పైగా మన దగ్గర ఎండలు! నంద్యాల వైపు 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. చల్లబరచాల్సిన గాలే సెగలు కక్కుతుంటే ప్లగ్గు ఎలా చల్లారుతుంది?

పేరులో అంకెను నమ్మొద్దు

ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి పసుపు రంగు ప్లగ్గులు. చైనాకు చెందిన ఆమాస్ కంపెనీవి బాగా ప్రచారంలోకి వచ్చాయి. ఎక్స్‌టీ30, ఎక్స్‌టీ60, ఎక్స్‌టీ90 అని మూడు సైజులు. లోపల పిన్నుల లావు వరసగా 2, 3.5, 4.5 మిల్లీమీటర్లు. పేరులో 60 ఉంది కాబట్టి 60 ఆంపియర్లు నిరాటంకంగా పంపొచ్చనుకుంటారు చాలామంది. ఆ కంపెనీ లెక్క ప్రకారం అది కొద్దిసేపు తట్టుకునే గరిష్ఠం. ఆగకుండా పారేందుకు చెప్పేది అందులో సగం, 30 ఆంపియర్లే. ఎక్స్‌టీ90కి 45. అందుకే కొనేముందు వేసుకోవాల్సిన ప్రశ్న 'గరిష్ఠంగా ఎంత లాగుతుంది' అని కాదు, 'ఎంతసేపు లాగుతుంది' అని.

కారు సంగతి వేరు. ఒక్క ఉరుకు ఉరికి, మలుపులో నెమ్మదిస్తుంది. ప్లగ్గుకు ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది. మధ్య తరహా కార్లకు ఎక్స్‌టీ60 చాలు. పెద్ద కార్లకు ఎక్స్‌టీ90గానీ, 5 మిల్లీమీటర్ల పిన్నులుండే ఈసీ5గానీ మేలు. డ్రోన్‌కు ఆ వెసులుబాటు లేదు. నేలమీద నుంచి లేచింది మొదలు దిగేదాకా లాగుతూనే ఉంటుంది. అందుకే పిచికారీ డ్రోన్లలో 7 మిల్లీమీటర్ల పిన్నులున్న ఏఎస్150 లాంటివి వాడతారు.

'డీన్స్' అని అడ్డపట్టీల రకం ఇంకొకటుంది. కరెంటు బాగానే మోస్తుంది. కానీ సాల్డరింగ్ చెయ్యడం కష్టం, చెమట చేతులతో ఊడబీకడం మరీ కష్టం. నా మటుకు పిల్లలకు అది వద్దంటాను.

నకిలీల బెడద సరేసరి. అయస్కాంతం దగ్గర పెట్టి చూడండి. పిన్ను అంటుకుందంటే పైన బంగారు పూత, లోపల ఇనుము! పెట్టగానే జారిపోయేవీ పక్కన పడేయాల్సినవే. కొత్త ప్లగ్గు కొంచెం బిగువుగానే ఉండాలి. అన్నట్టు, ఇంట్లో నాలుగు బ్యాటరీలుంటే నాలుగింటికీ ఒకే రకం పెట్టించండి. ఒకదాన్నుంచి మరోదానికి మార్చే అడాప్టరు ముక్క పెట్టారంటే వేడెక్కే చోట్లు రెట్టింపయినట్టే. తీగ లావూ ముఖ్యమే. గేజ్ నంబరు తగ్గేకొద్దీ తీగ లావు పెరుగుతుందని మర్చిపోకండి. 14 కంటే 12 లావు, 12 కంటే 10 లావు.

'ఠప్' మంటే...

పెద్ద బ్యాటరీ తగిలించగానే 'ఠప్' మని నిప్పురవ్వ లేస్తుంది. మోటార్లను నడిపించే సర్క్యూట్‌లో ఖాళీగా ఉన్న కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు మింగడం వల్ల వచ్చేదది. చూడ్డానికి తమాషాగానే ఉంటుందిగానీ రవ్వ లేచినప్పుడల్లా పిన్ను మీద చిన్న గుంట పడుతుంది. గుంటలు పడ్డ పిన్ను సరిగా తాకదు. మళ్లీ లూజు కాంటాక్టే!

దీనికి విరుగుడుగా వచ్చిందే రవ్వ లేవని రకం, ఎక్స్‌టీ90-ఎస్. పిన్ను కొసన ఓ చిన్న రెసిస్టరు ఉంటుంది. ముందు అది తాకి కెపాసిటర్లను నెమ్మదిగా నింపుతుంది. ఆ తర్వాత పూర్తిగా నెడితే రవ్వ ఉండదు. ఏఎస్150లోనూ ఈ ఏర్పాటుంది. తొందరపడి ఒక్క పోటున నెట్టేస్తే మాత్రం లాభం లేదు.

పొలంలో వాడేవాటికి దుమ్ము, మందు తుంపర అదనపు శత్రువులు. ట్రాక్టరు బ్యాటరీ టెర్మినల్ మీద పొడి పేరుకోవడం చూస్తుంటాం కదా. పిన్నుల మీద పచ్చటి మరక కనిపించినా, ప్లాస్టిక్ రంగు మారినా, ఆ ప్లగ్గు పని అయిపోయినట్టే. పరీక్ష పెద్ద విద్యేం కాదు. పని ముగిశాక, మోటార్లు పూర్తిగా ఆగాక వేలి వెనకవైపు ఆనించి చూడాలి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. వేలు ఆనించలేకపోతే మార్చాల్సిందే. ఊడదీసేటప్పుడు పట్టుకోవాల్సింది ప్లగ్గును, తీగలను కాదు.

రెండు తీగలూ ఒకేసారి వద్దు

మర్నాడు ఎక్స్‌టీ60 జతలు తెప్పించి, మార్చడానికి కూర్చున్నాం. మావాడు కటింగ్ ప్లయరు తీసుకుని, బ్యాటరీ నుంచి వచ్చే ఎర్ర తీగనూ నల్ల తీగనూ కలిపి ఒక్క కోతకు కోయబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. ప్లయరు లోహమే కదా! రెండూ ఒకేసారి తెగితే షార్ట్ సర్క్యూట్. ఈ బ్యాటరీలు అలాంటప్పుడు మంటలంటుకున్నా ఆశ్చర్యం లేదు. ముందు ఎర్రది కోసి, దానికి సాల్డరింగ్ చేసి, హీట్ ష్రింక్ గొట్టం తొడిగి, అప్పుడు నల్లది ముట్టుకున్నాం. వేడికి పిన్ను పక్కకు ఒరిగిపోకుండా ప్లగ్గు రెండో సగాన్ని దానికి తగిలించి ఉంచాం. ఆ రెండో సగానికి అప్పటికింకా తీగలేవీ కలపలేదు లెండి. బ్యాటరీ వైపు ఎప్పుడూ లోహం బయటికి కనిపించని సగమే ఉండాలి. లేకపోతే సంచిలో తాళంచెవి తగిలినా చాలు, కొంప మునుగుతుంది. ప్లస్, మైనస్ గుర్తులు ప్లగ్గు మీదే ఉంటాయి. అయినా మూడుసార్లు చూసుకున్నాం.

సాయంత్రం మళ్లీ అదే మట్టిదారి. ఈసారి కారు బ్యాటరీ అడుగంటేదాకా తిరిగింది. తీసి చూస్తే ప్లగ్గు గోరువెచ్చగా ఉంది. కుక్కపిల్లలు మాత్రం మూడో చుట్టుకే అలిసిపోయి చింతచెట్టు కింద పడుకున్నాయి.