ఎండే మీ టైమ్‌టేబుల్‌!

సిసిలీ నుంచి మాల్టా దాకా.. పది రోజులు, ఒకే బ్యాగు, ఒక్కరే

'ఎండా? రెంటచింతల, రామగుండం ఎండలు చూసినవాళ్లం. మాకా చెబుతున్నారు?' వేసవి సెలవుల్లో మధ్యధరా దీవులు చుట్టొద్దామనుకునే మన విద్యార్థుల నోట ముందుగా వచ్చే మాట ఇదే. చిక్కంతా అక్కడే ఉంది. మనూళ్లో మే నెల మధ్యాహ్నం మీరు బయట తిరగరు. ఫ్యాను కింద పడుకుంటారు. తప్పకపోతే ఆటో ఎక్కుతారు, దారిలో ఎక్కడో మజ్జిగ తాగుతారు. అక్కడ అదే మధ్యాహ్నం వీపున పది కిలోల బ్యాగుతో, రాతి పలకలు పరిచిన వీధుల్లో, చెట్టు నీడ లేనిచోట హాస్టల్‌ వెతుక్కుంటూ నడుస్తుంటారు. మీ వెంట ఎవరూ ఉండరు. కళ్లు తిరిగితే పట్టుకునేవాళ్లూ ఉండరు.

2021 ఆగస్టు 11న సిసిలీలోని సిరాక్యూస్‌ ప్రాంతంలో 48.8 డిగ్రీలు నమోదైంది. యూరప్‌ ఖండం మొత్తానికి అదే రికార్డని ప్రపంచ వాతావరణ సంస్థ తర్వాత ధ్రువీకరించింది. కాబట్టి ఈ ట్రిప్‌లో మొదట తేల్చుకోవాల్సింది ఏ ఊళ్లు చూడాలన్నది కాదు, ఏ గంటల్లో చూడాలన్నది. అది తేలితే డబ్బు, భద్రత, తిండి.. అన్నీ దాని వెనకే సర్దుకుంటాయి.

ఎవరికి ఈ ట్రిప్‌?

ఇటలీ, జర్మనీ, ఫ్రాన్స్‌లాంటి షెంగెన్‌ దేశాల్లో మాస్టర్స్‌ చదువుతున్నారా? అయితే మీకు సగం పని అయిపోయినట్లే. అక్కడి రెసిడెన్స్‌ పర్మిట్‌, పాస్‌పోర్ట్‌ రెండూ దగ్గర ఉంటే మిగతా షెంగెన్‌ దేశాల్లో 180 రోజుల వ్యవధిలో 90 రోజుల వరకు తిరగొచ్చు. ఇటలీ, మాల్టా రెండూ షెంగెన్‌లోనివే. రెండుచోట్లా చెల్లేది యూరోనే.

హైదరాబాద్‌ నుంచో, విజయవాడ నుంచో బయల్దేరేవాళ్లకు మాత్రం షెంగెన్‌ వీసా కావాలి. 2024 జూన్‌ నుంచి పెద్దలకు ఫీజు 90 యూరోలు. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. కనీసం 30 వేల యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్‌ మెడికల్‌ ఇన్సూరెన్స్‌ తప్పనిసరి. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. ఈ రూటులో ఇటలీలో ఏడు రాత్రులు, మాల్టాలో రెండు. అంటే ఇటలీకే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు. వీసా చేతికొచ్చేదాకా రిఫండ్‌ లేని టికెట్లు కొనకండి.

ఇంకో మాట. ఉద్యోగం ఇంకా రాకుండానే అప్పు చేసి వెళ్లాల్సిన ట్రిప్‌ కాదిది. ఎడ్యుకేషన్‌ లోన్‌ డబ్బు ముట్టుకోవద్దు. ఇండియాలో ఉన్నవాళ్లు దీన్ని మొదటి ఏడాది జీతంతో పెట్టుకునే లక్ష్యంగా దాచుకోండి. ప్లాన్‌ మాత్రం ఇప్పుడే వేసి చూసుకోవచ్చు.

రూటు ఇలా..

పలెర్మో (3 రాత్రులు): సిసిలీ రాజధాని. విమానాశ్రయం ఊరికి సుమారు 35 కిలోమీటర్ల దూరం. బస్సు, రైలు రెండూ ఉన్నాయి, ట్యాక్సీ అక్కర్లేదు. అరబ్బులు, నార్మన్లు ఒకరి తర్వాత ఒకరు ఏలిన ఊరు కాబట్టి ఒకే కట్టడంలో ఇస్లామిక్‌ చెక్కడాలు, బైజాంటైన్‌ మొజాయిక్‌లు కలిసి కనిపిస్తాయి. ఈ అరబ్‌-నార్మన్‌ కట్టడాలను యునెస్కో 2015లో వారసత్వ జాబితాలో చేర్చింది. బల్లరో, కాపో సంతలకు మాత్రం టికెట్‌ లేదు. పొద్దున్నే వెళ్తే చాలు.

కతానియా (2 రాత్రులు): పలెర్మో నుంచి బస్సులో మూడు గంటల లోపే. 1693 భూకంపంలో కుప్పకూలి, ఎట్నా అగ్నిపర్వతం ఇచ్చిన నల్ల లావా రాతితోనే మళ్లీ లేచిన ఊరు. ఆ నల్లరాయి పగలు మింగిన వేడిని రాత్రి కక్కుతుంది. అందుకే ఇక్కడ ఒక పగలు కొండకు కేటాయించండి. సుమారు 1,900 మీటర్ల ఎత్తున్న రిఫూజియో సపియెన్జా దాకా పొద్దున బస్సు వెళ్తుంది, సాయంత్రం అదే తిరిగొస్తుంది. కింద 38 డిగ్రీలుంటే పైన దాదాపు పన్నెండు డిగ్రీలు తక్కువ. ఆ బస్సు తప్పితే ఆ రోజు పోయినట్లే.

సిరాక్యూస్‌ (2 రాత్రులు): రైలులో గంటంబావు. ఆర్కిమెడిస్‌ పుట్టిన ఊరు ఇదే. ఒర్తీజియా అనే చిన్న దీవిలో పాత ఊరుంటుంది, వంతెన దాటి నడిచి వెళ్లడమే. అక్కడి కథీడ్రల్‌ గోడల్లో ప్రాచీన గ్రీకు గుడి స్తంభాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. రెండో రాత్రి ఎందుకంటే, అది మీ రిజర్వు రోజు. కారణం తర్వాత చెబుతాం.

వల్లెట్టా (2 రాత్రులు): సిసిలీ దక్షిణ తీరంలోని పొజ్జాల్లో రేవు నుంచి ఫెర్రీలో గంటా నలభై అయిదు నిమిషాలు. రేవు పొజ్జాల్లో ఊరికి కాస్త దూరం, ఆదివారాలు రైళ్లూ బస్సులూ తక్కువ. కాబట్టి ఫెర్రీ టైమ్‌ చూసుకుని దానికి ముందు ఏ బస్సు దొరుకుతుందో వెనక నుంచి లెక్క కట్టండి. మాల్టాలో ఇంగ్లిష్‌ అధికార భాష. వారం రోజులు సైగలతో నెట్టుకొచ్చినవాళ్లకు ఇక్కడ ప్రాణం లేచొస్తుంది.

గడియారం మార్చుకోండి

ఎండను ఎలా దాటాలో ఆ ఊళ్లవాళ్లకు ఎప్పట్నుంచో తెలుసు. సహారా మీదుగా వచ్చే వేడిగాలిని వాళ్లు 'షిరోక్కో' అంటారు. అది వీచే రోజుల్లో తలదాచుకోవడానికే పలెర్మో సంపన్నులు పూర్వం నేల కింద చల్లని గదులు తవ్వించుకున్నారు. ఇప్పటికీ మధ్యాహ్నం ఒంటి గంట నుంచి నాలుగు దాకా చాలా దుకాణాలు మూసే ఉంటాయి. 2024, 2025 వేసవుల్లో వేడి ముప్పు ఎక్కువగా ఉన్న రోజుల్లో పొలాల్లో, నిర్మాణాల్లో మధ్యాహ్నం 12.30 నుంచి 4 వరకు పని చేయించొద్దని సిసిలీ ప్రభుత్వమే ఆదేశాలిచ్చింది. కూలీలకే వద్దన్న ఎండలో టూరిస్టుకేం పని?

ఉదయం 6 నుంచి 11 దాకా నడక. పన్నెండు నుంచి నాలుగున్నర దాకా నీడ. అయిదు నుంచి రాత్రి దాకా మళ్లీ బయట. ఊరు మారే ప్రయాణాలు మధ్యాహ్నం పెట్టుకోండి. ఏసీ బస్సులో కూర్చుంటే ఎండా తప్పుతుంది, టైమూ కలిసొస్తుంది. కాకపోతే దిగాక నడవాల్సిన దూరం ముందే చూసుకోవాలి. ఇటలీ ఆరోగ్యశాఖ వేసవిలో పలెర్మో, కతానియా సహా 27 నగరాలకు వేడి హెచ్చరికలు ఇస్తుంది. ఎరుపు రంగు కనిపిస్తే ఆ రోజు ప్లాన్‌ సగానికి కోసేయండి.

ఆ నాలుగైదు గంటల నీడ మీకు అదృష్టమే అనుకోండి. ఉద్యోగ దరఖాస్తులు, ఆన్‌లైన్‌ టెస్టులు, మెయిల్స్‌.. అన్నీ అప్పుడే. వేసవిలో ఆ దేశాలకన్నా మన టైమ్‌ మూడున్నర గంటలు ముందుంటుంది. హైదరాబాద్‌ హెచ్‌ఆర్‌ ఉదయం 10 గంటలకు ఫోన్‌ చేస్తే అక్కడ 6.30. ఇక్కడ సాయంత్రం 6 అంటే అక్కడ మధ్యాహ్నం 2.30. ఇంటర్వ్యూ స్లాట్‌ మీరే ఎంచుకోవచ్చంటే ఇండియా టైమ్‌ సాయంత్రం నాలుగు తర్వాత అడగండి. మీరు హాస్టల్‌ గదిలో ఉండే వేళ అది.

లెక్క రాసుకోండి

ఒక యూరో సుమారు వంద రూపాయలనుకుందాం. హాస్టల్‌ డార్మ్‌లో బెడ్‌కి 35 చొప్పున తొమ్మిది రాత్రులకు 315. తిండికి రోజుకు 20 చొప్పున పది రోజులకు 200. బస్సులు, రైళ్లు, ఫెర్రీ కలిపి 160. ప్రవేశ టికెట్లకు 60. మొత్తం 735. దీనిపై 15 శాతం, అంటే మరో 110 యూరోలు అత్యవసరానికి పక్కన పెడితే 845. మన డబ్బులో దాదాపు 84,500 రూపాయలు. దీవులకు రానూపోనూ విమానం, వీసా, ఇన్సూరెన్స్‌ వేరు. ఇవి ప్లాన్‌ వేయడానికి పెట్టుకున్న అంకెలు. బుక్‌ చేసిన రోజు అసలు ధరతో సరిచేసుకోండి. ఆగస్టు కన్నా జూన్‌ మొదట్లో, సెప్టెంబరు చివర్లో ఎండా తక్కువ, ధరా తక్కువ.

రూము చూసేటప్పుడు పది యూరోలు మిగులుతాయని ఏసీ లేని డార్మ్‌ తీసుకోకండి. రాత్రి నిద్ర లేకపోతే మర్నాడు ఆరింటికి లేవలేరు. ఆరింటికి లేవకపోతే ఎండలో తిరుగుతారు. ఆ పది యూరోలు ట్యాక్సీకో, మందుల షాపుకో పోతాయి. ఏసీకి విడిగా డబ్బు తీసుకునే చోట్లు కూడా ఉంటాయి, ముందే అడగండి.

ఇటలీలో రీజనల్‌ రైలుకు కాగితం టికెట్‌ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గరి మెషీన్‌లో ముద్ర వేయించాలి. ఆన్‌లైన్‌ టికెట్‌ అయితే చెక్‌-ఇన్‌ చేయాలి. టికెట్‌ కొన్నా ఇది మరిస్తే జరిమానా పడుతుంది.

ఏం తినాలి?

పలెర్మో వీధుల్లో 'పనెల్లె' అడగండి. శనగపిండి ఉడికించి, పలచగా కోసి నూనెలో వేయించి బన్నులో పెట్టిస్తారు. మన బజ్జీకి దూరపు చుట్టం. కతానియాలో వంకాయ, టమాటా, చీజ్‌ వేసిన 'పాస్తా అల్లా నోర్మా' దొరుకుతుంది. మాల్టాలో బఠాణీ ముద్ద నింపిన 'పస్తిజ్జి' మన కర్రీ పఫ్‌లా ఉంటుంది, చవక కూడా. శాకాహారులకు ఒక హెచ్చరిక: అన్నం ఉండల్లాంటి 'అరంచీనె'లో బటర్‌ రకం అంటే వెన్న ఒక్కటే అనుకోవద్దు, అందులో చాలాచోట్ల పంది మాంసం ఉంటుంది. పొద్దున బ్రెడ్డుతో కలిపి ఇచ్చే నిమ్మ, బాదం 'గ్రనీతా' అక్కడి టిఫిన్‌. కాఫీ కౌంటర్‌ దగ్గర నిలబడి తాగితే చవక, కుర్చీలో కూర్చుంటే బిల్లు పెరుగుతుంది. కుళాయి దగ్గర 'నాన్‌ పొటాబిలె' అని రాసుంటే ఆ నీళ్లు తాగొద్దని అర్థం. ఓఆర్‌ఎస్‌ ప్యాకెట్లు ఇక్కడి నుంచే తీసుకెళ్లండి.

ఒక్కరే కాబట్టి..

ప్రతి ఊళ్లో మొదటి రాత్రి బస ముందే బుక్‌ చేసుకుని వెలుతురుండగానే చేరుకోండి. అమ్మాయిలకు విడిగా డార్మ్‌లు దొరుకుతాయి. రోజూ ఒక నిర్ణీత వేళకు ఇంటికి మెసేజ్‌ పెట్టండి. మెసేజ్‌ రాకపోతే ఎన్ని గంటలు ఆగి, ఎవరికి ఫోన్‌ చేయాలో అమ్మానాన్నలకు రాసి ఇవ్వండి. పాస్‌పోర్ట్‌ ఒకచోట, రెండో కార్డు ఇంకోచోట ఉండాలి. సంతల్లో, కిక్కిరిసిన బస్సుల్లో ఫోను ముందు జేబులోనే. రెండు దేశాల్లోనూ ఎమర్జెన్సీ నంబరు 112. తలనొప్పి, వికారం, తికమక మొదలైతే 'కాసేపు చూద్దాం' అనుకోకండి. నీడకు వెళ్లి, ఒళ్లు తడుపుకుని, పక్కన ఎవరున్నా సరే చెప్పండి. వడదెబ్బ తగిలిన మనిషికి తన పరిస్థితి తనకే సరిగ్గా తెలియదు. ఒంటరి ప్రయాణంలో అసలు ప్రమాదం ఇదే.

ప్లాన్‌ తప్పితే?

2023 జులైలో ఏం జరిగిందో చూడండి. నెల మధ్యలో కతానియా విమానాశ్రయం టెర్మినల్లో మంటలు లేచి విమానాలు ఆగాయి. కొన్ని రోజులకే ఎండ తీవ్రతకు భూగర్భ కేబుళ్లు దెబ్బతిని ఆ ఊళ్లో కరెంటు పోయింది, నీళ్లు రాలేదు. ఆ నెలలోనే కార్చిచ్చు వల్ల పలెర్మో విమానాశ్రయాన్ని కొన్ని గంటలు మూసేశారు. ఇవేవీ లేకపోయినా ఎట్నా బూడిద ఎగిస్తే విమానాలు ఆగుతాయి, గాలి ముదిరితే ఫెర్రీ ఆగుతుంది. సిరాక్యూస్‌లో రిజర్వు రోజు పెట్టింది ఇందుకే. తిరుగు విమానానికీ జాయినింగ్‌ డేట్‌కీ మధ్య కనీసం మూడు రోజులు ఉంచండి. ఆఫర్‌ లెటర్‌ని ఒక ఫెర్రీ మీద పందెం కాయొద్దు.

ఇంటర్వ్యూలో పనికొస్తుందా?

రెజ్యూమెలో 'హాబీ: ట్రావెలింగ్‌' అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ట్రిప్‌ అనుభవం ఉద్యోగానుభవం కాదు, అలా చూపించే ప్రయత్నమూ చేయొద్దు. కానీ 'అనుకున్నది తప్పినప్పుడు ఏం చేశారు?' అన్న ప్రశ్న చాలా ఇంటర్వ్యూల్లో వస్తుంది. అప్పుడు మీ దగ్గర చెప్పుకోవడానికి నిజంగా ఒకటుండాలి. అందుకే రోజూ రాత్రి నాలుగు లైన్లు రాయండి: అనుకున్న ఖర్చెంత, అయిందెంత, ఏది తప్పింది, బదులుగా ఏం చేశారు. 'బడ్జెట్‌ 735, అయింది 760. ఫెర్రీ ఆగితే రిజర్వు రోజు వాడాను' అని చెప్పగలిగితే, అది పది విశేషణాలకన్నా బరువైన జవాబు.

అన్నిటికంటే గట్టి పరీక్ష ఇంకోటుంది. నాలుగో రోజు మధ్యాహ్నం, ఇంతదూరం వచ్చి గదిలో కూర్చోవడమేంటని మనసు పీకుతుంది. వాటర్‌ బాటిల్‌ నింపుకుని, కర్టెన్‌ వేసుకుని, పడుకోండి. సముద్రం సాయంత్రం ఆరింటికీ అక్కడే ఉంటుంది.