ప్రకటనకు ప్రతిప్రకటన

వాణిజ్య ప్రకటనను అరవై ఐదవ కళ అని చమత్కరించడం పరిపాటి. వస్తువు గుణగణాలను తెలిపి కొనుగోలుదారును ఒప్పించడం దాని ప్రథమ లక్ష్యం. అయితే ఒకే రకమైన వస్తువులు అంగళ్లలో కుప్పలుగా చేరినప్పుడు, గుణాన్ని వివరించడం కంటె చూపరులను ఉలిక్కిపడేటట్లు చేయడమే కొన్ని సంస్థలకు సులభమార్గమైంది. అట్లా పుట్టినవే సంచలన ప్రకటనలు. ప్రకటనలు మరుగుపరిచే సత్యాన్ని అదే రూపంలో ఎత్తిచూపి పరిహసించేవి వ్యంగ్య ప్రకటనలు.

సంచలన ప్రకటనలకు ఇటలీ దేశపు దుస్తుల సంస్థ బెనెటన్ ప్రసిద్ధ ఉదాహరణ. 1982 నుండి 2000 వరకు ఒలివియెరో తొస్కానీ అనే ఛాయాగ్రాహకుడు ఆ సంస్థ ప్రకటనలను రూపొందించాడు. 1991లో బొడ్డుతాడైనా కోయని నవజాత శిశువు చిత్రం, 1992లో ఎయిడ్స్‌తో మరణశయ్యపై ఉన్న యువకుని చిత్రం ప్రకటనలుగా వెలువడ్డాయి. వాటిలో దుస్తుల ప్రసక్తి లేదు. ఆకుపచ్చని చట్రంలో సంస్థ నినాదం మాత్రమే ఉంది. ఆ యువకుని కుటుంబం చిత్రప్రచురణకు సమ్మతించింది. వ్యాధి తీవ్రత లోకానికి తెలియాలన్నది వారి ఆకాంక్ష. మరొకరి వేదనను వ్యాపారానికి వాడుకోవడం తగదని అనేకులు ఖండించారు. ఈ సంస్థ ప్రకటనలు కొన్నింటిని 1995లో జర్మనీ న్యాయస్థానం నిషేధించగా, 2000లో రాజ్యాంగ న్యాయస్థానం పత్రికాస్వేచ్ఛను పురస్కరించుకొని ఆ తీర్పును కొట్టివేసింది. వివాదం ఎటు తిరిగినా సంస్థ పేరు మాత్రం లోకమంతటా మారుమోగింది.

హానికరమైన వస్తువును ఆకర్షణీయంగా చూపే ప్రకటన మరింత ప్రమాదకరం. అమెరికాలో ఒక సిగరెట్టు సంస్థ 1988లో 'జో కామెల్' అనే ఒంటె బొమ్మను ప్రవేశపెట్టింది. నల్లకళ్లద్దాలు, నోట సిగరెట్టు, విలాసపురుషుని ఠీవి దాని అలంకారాలు. ఆరేళ్ల పిల్లల్లో నూటికి 91 మంది ఆ బొమ్మను సిగరెట్టుతో జతపరచగలిగారని 1991లో ఒక వైద్యపత్రిక వెల్లడించింది.

దీనికి ప్రత్యుత్తరంగా కెనడాలోని వాంకూవర్ నగరం నుండి వెలువడే 'యాడ్‌బస్టర్స్' పత్రిక 1996లో 'జో కీమో' అనే వ్యంగ్య చిత్రాన్ని ప్రచురించింది. ఒంటె అదే, కాని ఇప్పుడది క్యాన్సర్ రోగి. కీమో అనగా ఆ వ్యాధికి చేసే చికిత్స. పేరులో మారినది ఒక్క మాటే. అసలు బొమ్మకు సంస్థ ధనం వెచ్చించి సంపాదించిన ప్రసిద్ధియే వ్యంగ్యానికి ఆయుధమైంది. ప్రకటన దాచిన వ్యాధిని ప్రతిప్రకటన బయటపెట్టింది.

అయితే వ్యంగ్యం కనువిప్పు కలిగించగలదే కాని కట్టడి చేయలేదు. వ్యాజ్యాలు, ప్రభుత్వ చర్యల ఒత్తిడి పెరిగిన పిదపనే 1997లో ఆ సంస్థ తన ఒంటెను ఉపసంహరించుకొన్నది. మన దేశంలో 2003 నాటి చట్టం పొగాకు ప్రకటనలను నిషేధించింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు తొలి తప్పిదంగా 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించే వీలును 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కల్పించింది.

చట్టం ప్రతి ప్రకటన వెంట నడవలేదు. చూపరి వివేకమే అతనికి తొలి రక్షణ. ఏ ప్రకటన కంటబడినా అది దేనిని చూపుతున్నది, దేనిని దాచుతున్నది అని ప్రశ్నించుకోవడం విద్యావంతులకు అలవడవలసిన గుణం. ఆ ప్రశ్న వేసుకొనే విద్యార్థికి ప్రకటన సమాచారమే అవుతుంది కాని శాసనం కాజాలదు.